పుట్టింటి చప్పుడు

“ఇంకాస్త దించు. అడుగుకి మాత్రం తగలనివ్వకు, బురద లేస్తుంది,” అంది మేడం.

చెవులోడు తాడు వదులుతూ పోయాడు. తాడు చివర నీళ్ళలో పనిచేసే స్పీకరు, దానికి కట్టిన కెమెరా వేలాడుతున్నాయి. ఒకప్పుడు మేడం పరిశోధనశాలలో అతను సముద్రం చప్పుళ్ళు రికార్డు చేసేవాడు. ఎంత చిన్న సవ్వడైనా పట్టేస్తాడని ఆవిడే ఆ పేరు పెట్టింది. పరిశోధనశాల మూతపడింది. పేరు మాత్రం మిగిలింది.

ఇప్పుడు వాళ్ళ పడవ ఉన్న చోట, కింద పగడాల దిబ్బ ఉండేది. ఓడల దారి కోసం పక్కనే సముద్రాన్ని తవ్వారు. ఆ మట్టంతా వచ్చి పగడాల మీద కూర్చుంది. మిగిలిన పని అడుగు గీకే వలలు చూసుకున్నాయి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళు నయం. వీళ్ళు వాసాలు పీకి అమ్ముకున్నారు.

అడుగున ఇప్పుడు బూడిదరంగు రాళ్ళున్నాయి. చప్పుడు లేదు. బతికున్న దిబ్బ ఊరికే ఉండదు. రొయ్యలు చిటపటలాడతాయి, చేపలు గురగురమంటాయి, రాళ్ళు కొరుకుతాయి. నడిసముద్రంలో తిరిగే చేపపిల్లలు ఆ సందడి పట్టుకునే ఇల్లు చేరతాయి. సందడి లేని కొంపకి ఏ పిల్లా రాదు.

దిబ్బ బతికున్న రోజుల్లో తీసిన రికార్డు మేడం ఒక్కావిడ దగ్గరే ఉంది. సినిమావాళ్ళు అడిగారు, హోటలువాళ్ళు అడిగారు. “చచ్చినవాళ్ళ గొంతు అద్దెకివ్వను,” అని ఆవిడ తలుపేసుకుంది. చెవులోడు మాత్రం నెలల తరబడి వదల్లేదు.

“బీరువాలో ఉంటే ఎవరికి లాభం మేడం? నీళ్ళలో వినిపిద్దాం. పిల్లలొస్తాయి. వచ్చినవి రాళ్ళకి పట్టిన నాచు తింటాయి. నాచు పోతే మళ్ళీ పగడం పడుతుంది. ఇవన్నీ మీరు చెప్పినవే కదా!”

తన పాఠం తనకే అప్పజెప్పేసరికి ఆవిడ కరిగిపోయింది. మోకాళ్ళు మొరాయిస్తున్నా పడవెక్కింది. చచ్చేలోగా అవి తిరిగిరావడం ఒక్కసారి చూడాలి. ఆవిడకి ఇంకో కోరిక లేదు.

కొంచెం దూరంలో మరో పడవ ఆగి ఉంది. అది చెవులోడి మామగారిది.

“ఆయనెందుకయ్యా?” మేడం మొహం చిట్లించింది. “చిన్నాపెద్దా చూడకుండా చేపల్ని ఊడ్చేసి కోళ్ళ దాణా మిల్లుకి తోలిన మనిషి!”

“మారిపోయాడు మేడం. ఏడాదిగా ఖాళీ పడవతోనే ఇంటికొస్తున్నాడు. ఇప్పుడు చెంపలేసుకుంటున్నాడు. గాలి ఎక్కువైతే మనకి తోడుంటాడని నేనే రమ్మన్నాను.”

“చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడన్నమాట. పోనీలే, ఇప్పటికైనా పట్టుకున్నాడు.”

చెవులోడు మీట నొక్కాడు. నీళ్ళ అడుగున చచ్చిన దిబ్బ మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టింది.

ఎండ నడినెత్తికొచ్చింది. కెమెరా తెర మీద రాళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. మేడం నీరసపడిపోయింది. “వినడానికి పిల్లలే మిగల్లేదేమోనయ్యా.”

“రావాలి మేడం. రాకపోతే ఎలా?” చెవులోడి గొంతు వణికింది. ఆ వణుకు విని ఆవిడకి వాడి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

అప్పుడొచ్చింది ఒకటి. వేలెడంత కూడా లేదు. రాయి చుట్టూ తిరిగి, నచ్చినట్టుంది, సందులో దూరింది. వెనకాల ఇంకో నాలుగు. ఆ వెనక గుంపు. చూస్తూండగానే తెర నిండిపోయింది.

మేడం చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే ఏడ్చేసింది. “ఎక్కడ దాక్కున్నారే ఇన్నాళ్ళూ!” అంటూ తెరని చేత్తో నిమిరింది.

నీటి అడుగు చప్పుళ్ళు వినిపించే హెడ్‌ఫోన్లు తీసి చెవులోడు తనే ఆవిడకి పెట్టాడు. చెవులు పూర్తిగా మూసుకునేట్టు సర్దాడు. “కళ్ళు మూసుకుని వినండి మేడం,” అన్నాడు.

ఆవిడ విన్నది. పాత సందడి మధ్యలోంచి సన్నగా కొత్త గొంతులు.

“రికార్డు కాదయ్యా, ఇవి నిజం గొంతులు!” చెవులు మూసుకున్నవాళ్ళు మాట్లాడినట్టే పెద్దగా అరిచింది. “పుట్టింటికి వచ్చేశాయి!”

చెవులోడు అటు తిరిగి, జేబులోంచి వైర్‌లెస్ తీసి, నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

“వచ్చేశాయి మామయ్యా, కాకపోతే అన్నీ పిల్లలే, సన్నకళ్ళ వల దించండి.”