తిరిగొచ్చే టైము

“ఎనిమిది వేల డాలర్లు పలికే జీపు మూడు వేలకి ఇస్తున్నాడంటే ఏదో మతలబు ఉంది,” అంది నమ్రత, భర్త చెవిలో.

వినీత్‌కీ అలాగే అనిపించింది. కానీ టైర్లు కొత్తవి. ఇంజన్ ఒక్క దగ్గు కూడా దగ్గకుండా స్టార్టయింది.

గ్రీన్‌కార్డు రాగానే వినీత్ చేసిన మొదటి పని వేట లైసెన్సు తెచ్చుకోవడం. రెండోది తుపాకి కొనడం. అడవిపందుల కోసం కొండలెక్కాలంటే ఇక బండి ఒక్కటే తక్కువ.

జీపు అమ్మే శేషగిరికి డెబ్బై ఏళ్ళుంటాయి. ఫ్రీమాంట్ శివార్లలో ఒంటరిగా ఉంటాడు. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టి, ఎక్కువ ఇస్తామన్న ఇద్దర్ని వెనక్కి పంపేశాడు.

“వాళ్ళు వీధిలో షోకు కోసం అడిగారు బాబూ. ఇది కొండకెళ్ళే వాడి చేతికే పోవాలి.”

“మరి మీరెందుకు అమ్మేస్తున్నారు అంకుల్?”

“గుండె బాలేదు. డాక్టర్ కొండలెక్కొద్దన్నాడు. బండి ఇంట్లో ఉంటే నేను ఆగను.”

తాళాలు చేతిలో పెట్టబోతూ ఆగాడు.

“ఒకటే కండిషన్. వెళ్ళే ముందు నాకో ఫోన్ కొట్టాలి. ఏ కొండకి, ఏ రోజు, తిరిగొచ్చే టైమెంత. ఈ మూడూ చెప్పాలి.”

“మీకెందుకు అంకుల్?”

“అలవాటు,” అని మాట దాటేశాడు ముసలాయన.

ఓనర్ మారినట్టు రాసే కాగితం మీద వినీత్ ఇంటి అడ్రసు రాయక తప్పలేదు. దాన్ని శేషగిరి రెండుసార్లు చదువుకున్నాడు. అది నమ్రత చూసింది.

“ఇల్లెక్కడో తెలిసింది. ఎప్పుడు వెళ్తామో, ఎప్పుడొస్తామో మనమే ఫోన్ చేసి చెప్పాలట. దొంగకి ఇంతకన్నా ఏం కావాలి?” అంది దారిలో.

“ఛ, పెద్దాయన!”

“మొన్న మా ఫ్రెండు త్రివేణి వాళ్ళింట్లో దొంగలు పడ్డప్పుడు ఏం జరిగింది? టీవీ ముట్టుకోలేదు, లాప్‌టాప్ ముట్టుకోలేదు. బంగారం ఒక్కటే పోయింది. ఇండియన్స్ ఇళ్ళంటే ఇక్కడి దొంగలకి నగల షాపులే.”

అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. ఇంటికొచ్చి జీపు వెనక తలుపు తీస్తే లావుపాటి తాడు, రెండు కంబళ్ళు, ఒక విజిల్, మందుల పెట్టె కనిపించాయి. ఒక కంబళి మీద ఎండిపోయిన గోధుమరంగు మరక.

“మనిషిని చుట్టడానికి సరిగ్గా సరిపోతుంది,” అంది నమ్రత.

వినీత్ నవ్వబోయి ఆగిపోయాడు. అన్నీ తీసి గరాజ్ మూలన పడేశాడు.

వేటకి శనివారం ముహూర్తం కుదిరింది. అదే రోజు పక్క ఊరు డబ్లిన్‌లో నమ్రత అక్క ఇంట గృహప్రవేశం. వినీత్ కొండ నుంచి నేరుగా అక్కడికే వస్తాడు, రాత్రికి అక్కడే ఉంటారు. అంటే ఇల్లు ఖాళీ.

“ఐదింటికల్లా ఇంట్లో ఉంటానని చెప్పు. ఇంట్లో మగమనిషి ఉంటాడనుకుంటాడు,” అని నేర్పింది నమ్రత. “కొండ పేరు కూడా నిజం చెప్పకు. ఇంకో తాళంచెవి దాచుకున్నాడేమో, వెనకే వచ్చి జీపు ఎత్తుకుపోగలడు.”

వినీత్ వెళ్ళేది దక్షిణాన ఉన్న కొండలకి. ఫోన్లో మాత్రం ఉత్తరాన ఉన్న ఈగల్ కాన్యన్ పేరు చెప్పాడు.

“అక్కడ ఎడమ దారి పట్టకు బాబూ. కొత్తవాళ్ళంతా అటే పోతారు. వానలకి కోసుకుపోయింది,” అన్నాడు శేషగిరి. “ఐదు దాటేట్టుంటే ఒక్క మాట చెప్పు. మర్చిపోకు.”

శనివారం పంది దొరకలేదు గానీ జీపు మేకపిల్లలా కొండలెక్కింది. ఆ సంబరంతోనే వినీత్ డబ్లిన్ చేరి, బంధువులందరికీ బండి చూపించాడు.

ఐదూ ఐదుకి ఫోన్ మోగింది. శేషగిరి. ఐదుంబావుకి మళ్ళీ. ఐదున్నరకి మళ్ళీ.

“చూశావా? ఇంట్లో ఉన్నామో లేదో కనుక్కుంటున్నాడు!”

వినీత్ ఆ నంబరు బ్లాక్ చేసి, ఫోన్ కూడా ఆపేసి, పులిహోర పెట్టించుకున్నాడు.

ఆదివారం పొద్దున ఇంటికొచ్చేసరికి వాకిట్లో పోలీసు కారు ఉంది.

నమ్రత చెయ్యి మెళ్ళోని హారం మీదికి పోయింది. నగలన్నీ ఒంటిమీదే ఉన్నాయి, అదృష్టం.

“నేను చెప్పలేదూ! దొరికాడు,” అంది ఆనందంగా.

ఆఫీసర్ జీపు వైపు చూశాడు. తర్వాత వినీత్ వైపు చాలాసేపు చూశాడు.

“వినీత్ మీరేనా?”

“అవును.”

ఆఫీసర్ ఒక చీటీ చూపించాడు. వినీత్, ఈగల్ కాన్యన్, శనివారం, ఐదు గంటలు. కింద ఇంటి అడ్రసు.

“ఇది ఆ దొంగ దగ్గర దొరికిందా?” అడిగింది నమ్రత.

“ఏ దొంగ మేడమ్?”

ఆఫీసర్ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మీరు కొండ మీద చిక్కుకుపోయారని నిన్న సాయంత్రం మిస్టర్ శేషగిరి మాకు ఫోన్ చేశారు. మేం ఇక్కడికొచ్చి చూస్తే ఇంటికి తాళం, జీపు లేదు, మీ ఫోన్ కలవదు. మా టీమ్ బయల్దేరేలోగా ఆయన తన చిన్న కారు కొండ కింద వదిలేసి ఒక్కరే నడిచి ఎక్కారు. ఎడమ దారిలో దొరికారు. గుండె ఆగిపోయింది.”

 ఎంత తప్పు చేశాడో తెలిసి, వినీత్ సిగ్గుతో జీపుకి ఆనుకున్నాడు.

“ఆయన… ఆయనకెందుకు ఇదంతా?” అంది నమ్రత.

ఆఫీసర్ టోపీ తీసి, జీపు బానెట్ మీద చెయ్యి వేశాడు.

“పద్దెనిమిదేళ్ళుగా ఈ జీపులోనే మాతో వచ్చి, దారితప్పిన పదకొండు మంది వేటగాళ్ళని ప్రాణాలతో కిందికి దించిన వాలంటీర్ ఆయన, పన్నెండోవారు మీరు.”