పారాదీప్ ఆర్డరు

“సైటు ఆగిపోతే ఫోను ఎవరెత్తుతారమ్మా?”

శాలేమురాజు మాస్టారు కూర్చుంటూనే అడిగిన ప్రశ్న అది. పొద్దున్న రైలుకి రేపల్లె నుంచి తెనాలి వచ్చాడాయన. బోసురోడ్డులో సెల్‌ఫోన్ల షాపు మీదున్న ఆ చిన్న ఆఫీసు మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది.

లిఖిత ఫ్యాను ఆయన వైపు తిప్పి, మంచినీళ్ల సీసా అందించింది. చిన్నచిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు చూసుకోవడం ఆమె పని.

“నేనే ఎత్తుతానండి. నేను లేకపోతే మా దగ్గర పనిచేసే కుమారి ఎత్తుతుంది. అసలు సైటుకేమైంది?”

“ఆరు రోజులైంది, తెరుచుకోవట్లేదు. బాపట్లలో తెలిసినాయన చవగ్గా వస్తుందని ఏదో కంపెనీలో పెట్టించాడు. ఇప్పుడడిగితే కంపెనీనే అడగమంటాడు. అక్కడికి చేస్తే ఎంతసేపూ పాట వినిపిస్తుంది గానీ మనిషి పలకడు.”

రిటైరయ్యాక ఆయన రొయ్యల పచ్చడి చేయించి అమ్ముతున్నాడు. సైటు పేరు కూడా పచ్చడి పేరే. లిఖిత తన ఫోనులో తెరిచి చూసింది. తెల్లటి పేజీ తప్ప ఏమీ లేదు.

“మీరు తీసుకున్నది ఉత్త చోటు మాత్రమేనండి. పాడైతే మీరే బాగుచేయించుకోవాలి. మేనేజ్డ్ హోస్టింగు అయితే చోటుతో పాటు కాపలా కూడా ఆ కంపెనీదే. రోజూ సైటు మొత్తం కాపీ తీసి వేరేచోట దాస్తారు. ఆగితే మీకంటే ముందు మాకు తెలుస్తుంది.”

“ఎంతసేపట్లో మళ్లీ వస్తుంది?”

“మంచి కంపెనీ అయితే గంటలోపే.”

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. లిఖిత మూడు కంపెనీల సంగతి చెప్పింది. మొదటిది చవక, కానీ వారానికొక్కసారే కాపీ తీస్తారు. రెండోదానికి ఫోనుండదు, అన్నీ మెయిళ్లే. మూడోదానిలో రాత్రీపగలూ మనుషులుంటారు.

“మూడోది పెట్టమ్మా. ఒకటో తారీఖున మాత్రం ఆగకూడదు.”

“నెలకెన్ని ఆర్డర్లొస్తాయండి?”

“పచ్చడంతా ఫోన్ల మీదే పోతుంది. సైటులో అయితే ఒకటి.”

లిఖిత కలం ఆగింది. “ఒక్క ఆర్డరుకి ఇంత ఖర్చెందుకండీ? నాకు అమ్ముడుపోతే మంచిదే గానీ, మీకు దండగ. ఆ ఒక్కరినీ ఫోను చేయమనండి.”

“చేయదమ్మా.” ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “మా అమ్మాయి.”

లిఖిత కలం పక్కన పెట్టింది.

“తల్లి లేని పిల్ల. ఈ సైటు కూడా అదే చేసింది. నిజాంపట్నం అబ్బాయి, నాగశివ అని, పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. అతన్ని చేసుకుంటానంది. మతం వేరు, ఆ పనీ నాకు నచ్చలేదు. నా గడప తొక్కొద్దన్నాను. ఇద్దరూ ఒడిశాలో పారాదీప్ రేవుకి వెళ్లిపోయారు. రెండేళ్లు ఏ కబురూ లేదు.”

“తర్వాత?”

“మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆ అబ్బాయి ఒక్కడే వచ్చాడు. గేటు దగ్గర నిలబడి, మాస్టారూ అన్నాడు. అంతకుమించి మాట్లాడనివ్వలేదు నేను. తలుపేసేశాను. చాలాసేపు అక్కడే నిలబడి వెళ్లిపోయాడు.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “నేను బాగా చిక్కిపోయానని వెళ్లి చెప్పుంటాడు. ఆ పై నెలే సైటులో దాని పేరుతో ఆర్డరొచ్చింది. అరకిలో పచ్చడి, కారం తక్కువ. దానికి చిన్నప్పట్నించీ కారం పడదు. అప్పట్నించీ ప్రతి ఒకటో తారీఖునా వస్తుంది. ఆ డబ్బా మాత్రం నేనే కలుపుతాను.”

“ఒక్కసారి కూడా ఫోను చేయలేదా మీరు?”

“నంబరు నొక్కాను, రెండుమూడుసార్లు. రింగయ్యేలోపే పెట్టేశాను. ఏ మొహంతో మాట్లాడనమ్మా? ఈ నెల ఆర్డరు రాలేదు. సైటు ఆగడం వల్ల రాలేదని నాకు తెలుసు. నేనే మూసేశానని అదనుకుంటే?”

లిఖిత కుర్చీ ముందుకి జరుపుకుంది. “సైటు మారాక, ఆర్డరు పెట్టి చూడమని నేను ఫోను చేయనా? కంపెనీ తరఫునే మాట్లాడతాను.”

ఆయన చాలాసేపు ఆలోచించి తలూపాడు. “నేను చెప్పమన్నానని మాత్రం అనకు.” గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగాడు. “గొంతెలా ఉందో నాకు చెప్పమ్మా.”

పాత కంపెనీ నుంచి సైటు బయటికి తీసి కొత్తచోట నిలబెట్టేసరికి రెండు రోజులు పట్టింది. ఆర్డర్ల జాబితా తెరిస్తే ముప్పై నాలుగు వరసలున్నాయి. ప్రతి వరసలోనూ ఒకే పేరు, హెప్సిబా. ఒకే మాట, కారం తక్కువ. లిఖిత అక్కడున్న నంబరుకి ఫోను చేసింది.

మగ గొంతు పలికింది. సైటు సంగతి వినగానే, “అమ్మయ్య!” అన్నాడతను. “ఒకటో తారీఖు నుంచీ చూస్తున్నానండి. మాస్టారికేమన్నా అయిందేమోనని హడలిపోయా. బాగున్నారా ఆయన?”

“బాగున్నారండి. మీరు నాగశివగారేనా? ఒకసారి హెప్సిబాగారికివ్వండి.”

అవతల ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

“ఆర్డరు ఇప్పుడే పెట్టేస్తానండి,” అన్నాడు చివరికి.

“ఆర్డరుకేముందండీ. ఆవిడతో ఒక్క మాట మాట్లాడించండి చాలు.” ఇచ్చిన మాట తప్పుతున్నానని తెలిసీ లిఖిత ఆగలేకపోయింది. “వాళ్ల నాన్నగారు ఆ గొంతు కోసం బెంగపెట్టుకున్నారు.”

ఇంజను ఆగింది.

“హెప్సిబా చనిపోయి మూడేళ్లయిందండి.”