మూడో అధ్యాయం బలహీనం

“ఒక్క సంతకం పెట్టడానికి మీకేంటి మేడమ్ నొప్పి?”

శిక్షణ గదిలో కంప్యూటర్ల ముందున్న పిల్లలంతా తలలు తిప్పారు. అడిగింది సీనియర్. పరిశోధనలో ఎప్పుడు చేరాడో తనే మర్చిపోయాడు కాబట్టి అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఇవాళ ఆఫీసు మూసేలోగా థీసిస్ ఇచ్చెయ్యాలి. ఇస్తే లెక్చరర్ ఉద్యోగం చేతికొస్తుంది. ఇవ్వకపోతే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. అన్నీ సిద్ధం, లైబ్రరీ శిక్షణ పూర్తయినట్టు ఈవిడ పెట్టాల్సిన సంతకం తప్ప.

ఈవిడంటే లైబ్రేరియన్. పిల్లలు పెట్టుకున్న పేరు ముళ్లకంప.

“శిక్షణకి ఒక్కరోజైనా వచ్చావా?” అంది ముళ్లకంప, కళ్లజోడు పైనుంచి చూస్తూ. “సరే, అందరికిచ్చిన పనే నీకూ ఇస్తా. నీ థీసిస్‌లో పేర్కొన్న పుస్తకాల్లో ఒకటి నువ్వే వెతికి, తెచ్చి నా బల్ల మీద పెట్టు. సంతకం పెట్టేస్తాను.”

“ఏదైనా సరేనా?”

“నేను చెప్పింది.”

థీసిస్ చివరి పేజీలు తిప్పింది. వేలు ఒక్కో పేరు మీదుగా కిందికి దిగుతూ ఒకచోట ఆగింది. చాలాసేపు కదల్లేదు. కావాలనే కష్టమైనదాన్ని ఏరుతోందని సీనియర్‌కి ఒళ్లు మండింది.

“ఇది తీసుకురా. ‘వంతెనలు రాకముందు’.”

నది మీద పడవలు నడిపి బతికినవాళ్ల చరిత్రట అది. అతని థీసిస్ కూడా వాళ్ల మీదే. నిజం చెప్పాలంటే ఆ పుస్తకం అట్ట ఏ రంగులో ఉంటుందో కూడా అతనికి తెలీదు. గైడ్ గారి పుస్తకంలో పేజీ అడుగున ఉన్న వివరాలు ఉన్నవున్నట్టు దించేసుకున్నాడు. ఆయన మాత్రం ఎక్కణ్ణుంచి దించారో ఎవరికి తెలుసు. అందరూ చేసే పనేగా.

కేటలాగులో లేదు. చరిత్ర ర్యాకులన్నీ కలియబెట్టాడు. పాత పుస్తకాలకు బైండింగు చేసే గదిలోకి దూరి, అట్టలూడిన కట్టలన్నీ విప్పి చూశాడు. చొక్కా నిండా దుమ్ము, ముక్కు నిండా తుమ్ములు. తిరిగొచ్చేసరికి అతని తర్వాత వెళ్లిన పిల్లలు కూడా పుస్తకాలు తెచ్చి, సంతకాలు పెట్టించుకుని పోతున్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది.

“పుస్తకం లేదు. మీ వాళ్లు పాత కాగితాల వాడికి అమ్మేసుంటారు. లైబ్రరీ నడపడం చేతకాదు గానీ మాకు పాఠాలా?”

ముళ్లకంప ముఖంలో ఏ మార్పూ లేదు.

“ఇంతకీ నువ్వు చదివావా దాన్ని?”

“రెండుసార్లు.”

“చదవలేదని చెప్పు. ఆ ఒక్క పేరూ కొట్టెయ్. ఇప్పుడే సంతకం పెడతాను.”

పిల్లలందరూ చూస్తున్నారు. ఇంతమందిలో తల దించుకోవడమా? సీనియర్ బల్ల గుద్ది మరీ చెప్పాడు.

“చదివాను. కావాలంటే అడగండి.”

“అయితే చెప్పు. మూడో అధ్యాయంలో ఏముంది?”

కోతలు కోయడం అతనికి కొత్త కాదు. “వంతెనలు కట్టాక పడవవాళ్లు ఏ పనుల్లోకి పోయారన్నది. కానీ ఆ అధ్యాయం బలహీనం. ఆయన ఆడవాళ్ల సంగతి ఎత్తనే లేదు. వలలు అల్లిందెవరు, రేవులో కూలి వసూలు చేసిందెవరు? అదంతా వదిలేశాడు.”

ఆవిడ చిన్న కాగితం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. సీనియర్‌కి ఊపొచ్చింది.

“ఇంకా ఏమేం లోపాలున్నాయి?” అంది, తలెత్తకుండానే.

“ముగింపు తేలిపోయింది. ఏదో తొందరలో చుట్టేసినట్టుంది.”

“తొందరేం లేదనుకుంటానే,” అని గొణిగి అదీ రాసుకుంది.

ఇదేం వెటకారం అనుకున్నాడు సీనియర్. ఇక తాడో పేడో తేల్చుకోవాల్సిందేనని ఫోను తీసి గైడ్‌కి కలిపాడు. అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు.

“సార్, ‘వంతెనలు రాకముందు’ అనే పుస్తకం లైబ్రరీలో లేదు. నేను చదవలేదంటున్నారు ఇక్కడ.”

“ఎవరయ్యా ఆ మాట అన్నది?” ఫోను అదిరింది. “అది చదవకుండా నా దగ్గర థీసిస్ ఎలా రాస్తారు? నా దగ్గరున్న కాపీ ఎవడో పట్టుకుపోయి ఇవ్వలేదు గానీ, లేకపోతే ఇప్పుడే వాళ్ల ముఖాన కొట్టేవాణ్ణి. రచయిత నాకు బాగా తెలిసినాయన. పాపం, ఆ మధ్యే పోయారు.”

ఆవిడ కలం ఆగింది. “పోయారా?” అంది మెల్లగా.

“మీకు ఇలాంటివి తెలీవు లెండి,” అన్నాడు సీనియర్, గెలిచిన ముఖంతో ఫోను జేబులో పెట్టుకుంటూ. “ఇప్పటికైనా పెడతారా సంతకం?”

ముళ్లకంప తను రాసుకున్న కాగితాన్ని జాగ్రత్తగా మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. కలానికి మూత పెట్టింది. థీసిస్‌ని అతని వైపు తోసింది.

“నీ వయసులో ఉన్నప్పుడు ఓ వ్యాసం అడుగున, నా పుట్టింటి ఇంటిపేరుతో, ‘త్వరలో రాబోయే నా పుస్తకం’ అని గొప్పగా వేయించుకున్నాను గానీ బాబూ, ఆ ‘వంతెనలు రాకముందు’ నేనింకా రాయనేలేదు.”