తెర మీద హిమజ

యూనివర్సిటీలో చేరబోయే పిల్లల నాలుగేళ్ల బతుకును ముందే తెర మీద చూపించే రోజులవి. అమ్మానాన్నల మధ్య కూర్చుని హిమజ తనను తానే చూసుకుంది. మొదటి ఏడు తెర మీది హిమజ స్నేహితులతో నవ్వింది. రెండో ఏడు హాస్టల్ గదిలో తలుపేసుకుని ఏడ్చింది. మూడో ఏడు, నాలుగో ఏడు చిక్కి శల్యమై, ఎవరు పిలిచినా పలకడం మానేసింది.

"వద్దయ్యా, మన ఊళ్లెనే చదువుకుంటది" అంది తల్లి విమల, కళ్లొత్తుకుంటూ.

తండ్రి రాజేశం తెర నడిపే అమ్మాయి వైపు తిరిగాడు. "ఆఖరికి కొలువొస్తదా మేడం?"

"వస్తుందండీ, పెద్ద కంపెనీలోనే."

హిమజ తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బాపూ, నాకు భయమైతాంది."

"ఎందుకు బిడ్డా? అంతా చూస్తిమి గదా, పానమైతే పోతలేదు" అని ముద్దుగా నవ్వి, రాజేశం ఆమె బొటనవేలిని అడ్మిషన్ యంత్రం మీద అదిమాడు.