కుస్తీ తాత

తాత చెయ్యి పట్టీలోంచి జారి పైకి లేచింది. పక్కనున్న సెలైన్ స్టాండు కింద పడింది.

జరిగింది అంతే.

వార్డు ఊడ్చే ఆయమ్మ నోట్లో పడి ఆ కబురు ఐసీయూ గుమ్మం దాటేసరికి తాత మంచాన్నే ఎత్తి కుదేశాడు. క్యాంటీన్ చేరేసరికి ఇద్దరు వార్డుబాయ్‌లు గాల్లో గింగిరాలు తిరిగారు. ఆ పూటే ఆయనకు కుస్తీ తాత అని పేరు పడింది.

నిజానికి మనిషి పిడికెడు. ఊపిరితిత్తులు చెడితే నోట్లోంచి గొంతులోకి గొట్టం వేశారు. అది ఉన్నంతసేపూ మాట పెగలదు. లాక్కుంటే ఊపిరి ఆగుతుంది. అందుకే రెండు చేతులూ గుడ్డపట్టీలతో మంచానికి కట్టేశారు.

కమిలిపోయిన ఆ మణికట్లు చూస్తే నర్సు ప్రాణం ఉసూరుమనేది.

మత్తుమందు పెంచుదామన్నాడు డాక్టరు. మత్తూ వద్దు, కట్టూ వద్దు, తాతని తనకు వదిలెయ్యమంది నర్సు.

"గొట్టం పీకేసుకుంటే?"

"పీకనివ్వను సార్. దగ్గరే కూర్చుంటా."

అన్నట్టే పట్టీలు విప్పింది. కళ్ళజోడు తుడిచి పెట్టింది. గడియారం ఆయనకు కనబడేలా తిప్పింది. గొట్టం ఎందుకు వేశారో, ఎప్పుడు తీస్తారో చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. తాత బుద్ధిగా తలూపాడు. చేతులు పొట్ట మీద పెట్టుకుని, కొత్తల్లుడిలా కుదురుగా పడుకున్నాడు.

సాయంత్రం పూట తప్ప.

చూడవచ్చినవాళ్ళని సాయంత్రం గాజుగోడ అవతలే నిలబెడతారు. సరిగ్గా ఆ వేళకే తాతకు పూనకం వచ్చేది. చేతులు రెండూ లేచేవి. వేళ్ళు విచ్చుకుని గొట్టం ముందు గాల్లో కొట్టుకునేవి.

నర్సు అద్దానికి వీపుపెట్టి కూర్చుని, ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకునేది. ఆయన గింజుకునేవాడు. ఆమె వదిలేది కాదు.

"నేనున్నా కదా తాతా, భయమెందుకు?"

కాసేపటికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి. చేతులు మెత్తబడేవి. నర్సు నిమిరి, మెల్లగా పొట్ట మీద పెట్టేది.

అద్దం అవతల వచ్చి నిలబడేది కూతురే. అందరూ నర్సుల్ని ప్రశ్నలతో పీక్కుతింటుంటే ఆవిడ మాత్రం ఒక్క ముక్క అడిగేది కాదు. డాక్టరుతో మాటలూ, సంతకాలూ అన్నీ పక్కింటాయనే చూసుకునేవాడు.

ఆయమ్మ ఊరుకుంటుందా? కాసేపు చేతులూపి చక్కా పోతుందని, తండ్రిని చూడ్డానికి వస్తోందో రైలెక్కించడానికి వస్తోందో తెలియడం లేదని నర్సు చెవిలో ఊదింది. పాపం ఏ కష్టంలో ఉందో అని నర్సు ఆ మాట కొట్టిపారేసింది.

కట్టు లేకుండా, మత్తు లేకుండా తాతని కాపాడుకొస్తోందని డాక్టరు అందరి ముందూ మెచ్చుకున్నాడు.

ఒక పొద్దున తాత గుండె ఆగిపోయింది.

గొట్టం వేసిన చోటే ఉంది. మణికట్ల మీద కమిలిన మచ్చలు మానిపోయాయి.

అప్పుడు కూతుర్ని లోపలికి రానిచ్చారు. ఆవిడ గొంతెత్తి ఏడవలేదు. తండ్రి చెయ్యి అందుకుని, చల్లబడ్డ వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. మడిచింది. మళ్ళీ విప్పి, ముఖంలోకి చూస్తూ నిలబడింది.

నర్సు పక్కింటాయన్ని పక్కకు పిలిచింది.

"చివరిదాకా ఆయన చేతులు కట్టలేదండీ. నేనే పట్టుకుని కూర్చున్నా. ఆ మాట ఆవిడకి చెప్పండి, కాస్త ఊరటగా ఉంటుంది."

"ఎలా చెప్పనమ్మా?" అన్నాడాయన. "ఆ పిల్లకి పుట్టుచెవుడు, మాటా రాదు. బడికి వెళ్ళింది లేదు. తండ్రీ కూతుళ్ళు వాళ్ళకి వాళ్ళే చేతులతో ఏదో భాష అల్లుకున్నారు. మాకెవరికీ అందులో ఒక్క ముక్క తెలియదు. రోజూ ఇక్కణ్ణుంచి ఇంటికొచ్చి, తన రెండు చేతులూ ఇలా గట్టిగా కలిపి పట్టుకుని, ఎందుకన్నట్టు నా ముఖంలోకి చూసేది. ఏం అడుగుతోందో నాకు అంతుపట్టలేదు."

నర్సు తన చేతుల వైపు చూసుకుంది.

"ఆ పిల్లతో మాట్లాడేవాడు లోకం మొత్తానికి ఆయనొక్కడేనమ్మా."