హోరులో ఈల

కుడివైపు నుంచి పిలిస్తే జయప్రకాశ్ పలకడం మానేసి నెల దాటింది.

పామాయిల్ తోట గట్టు మీద బిచ్యా కొట్టిన చెంపదెబ్బకు కుడి చెవి పూర్తిగా పోయిందని దమ్మపేట అంతా చెప్పుకుంటోంది. గట్టు చెక్కొద్దని తన ట్రాక్టరుకు అడ్డొచ్చిన బిచ్యా భార్య మంగ్లిని జయప్రకాశ్ ఏమన్నాడో మాత్రం ఫిర్యాదులో లేదు.

చెవి పోతే మామూలు కేసు కాదు. బిచ్యాకు జైలే. గట్టు పక్కనున్న తన ఎకరం బిచ్యా వదులుకుంటే రాజీ పడతానని జయప్రకాశ్ కబురంపాడు. అతను ఒప్పుకోలేదు. దాంతో పోలీసులు ఇద్దరినీ దవాఖానాకు తెచ్చారు.

చెవుల డాక్టరు సోని. తలుపు మీద లంబాడీ పేరు చదివి జయప్రకాశ్ పెదవి విరిచాడు.

"ఇక తండావాళ్లు మన చెవులు చూస్తారన్నమాట!" అన్నాడు కానిస్టేబుల్ రాందాస్‌తో, లోపలికి వినబడేలానే.

సోని అతన్ని కూర్చోబెట్టి రెండు చెవులకూ హెడ్‌ఫోన్లు పెట్టింది.

"ఏం వినబడ్డా చెప్పండి సార్."

"కుడి చెవి చచ్చిపోయిందమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"సరే. వినబడిందే చెప్పండి."

హోరు మొదలైంది, రేకుల మీద వాన కురిసినట్టు. దాని నడుమ సన్నగా ఈల. జయప్రకాశ్‌కు నవ్వొచ్చింది. ఇదా పరీక్ష? అంగన్‌వాడీ పిల్లల ఆట!

"ఎవరో ఈల వేస్తున్నారు. మూడు మెట్లు ఎక్కింది, రెండు దిగింది. నా ఎడమది పాము చెవి, రాసుకో."

సోని రాసుకుంది. వరస మార్చి మళ్లీ వినిపించింది. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ పొల్లుపోకుండా చెప్పాడు.

బయట బెంచీ మీద బిచ్యా రాందాస్‌తో మొత్తుకుంటున్నాడు.

"కొట్టిన మాట అవ్ సారూ. నా పెండ్లాన్ని గంత మాటంటే ఎట్ల ఊకుంట? గాని చెవి పోయేటట్టు కొట్టలే."



జయప్రకాశ్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీదికి విసిరాడు.

"అయిందా మీ ఈలల చదువు? వాణ్ని లోపలేయడానికి ఆ కాగితం చాలుతుందా?"

సోని సంతకం పెట్టి తలెత్తింది.

"సార్, మీ ఎడమ చెవికి పంపింది ఉత్త హోరే, కుడి చెవికి పంపిందీ ఉత్త హోరే, ఆ ఈల రెండు చెవులూ కలిసి వింటేనే పుడుతది."