ప్రీసేల్ గడియారం

“నీ ఫోన్ ఇలా ఇవ్వు” అన్నాడు ఫ్రిజ్ మెకానిక్. భోజనానికి ఇంటికొచ్చిన మనిషి కంచం వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

భార్య ఇవ్వలేదు. పైగా ఫోన్‌ని వీపు వెనక దాచుకుంది.

అతని ఫోన్‌లో గడియారం వెనక్కి పరుగెడుతోంది. ఇంకా మార్కెట్లోకి రాని కొత్త క్రిప్టో కాయిన్. ముందే కొనుక్కునేవాళ్ళకి ప్రీసేల్ ధర. గడియారం సున్నా కొడితే ధర రెట్టింపు. డబ్బేమో భార్య ఖాతాలో ఉంది. సొంత షాపు అడ్వాన్సు కోసం ఇద్దరూ కడుపు కట్టుకుని కూడబెట్టిన డబ్బు. అడ్వాన్సుకి ఇంకా కాస్త తక్కువైంది. ఆ కాస్తా ఈ కాయిన్‌తో వచ్చేస్తుందని నెల్లాళ్ళుగా ఇంట్లో అతనిది ఒకటే పాట.

“ఇంకెన్నాళ్ళు ఆ షాపు ఓనరు చేత తిట్లు తినమంటావు?”

“వాళ్ళెవరో మీకు తెలుసా?”

“సైట్లో ఫొటోలున్నాయిగా. పెద్ద చదువులవాళ్ళు.”

“ఆ కళ్ళజోడు పెద్దమనిషి ఇంకో సైట్లో పళ్ళ డాక్టరు. పేరు కూడా వేరే.”

మెకానిక్ తెల్లబోయాడు. అయినా తగ్గలేదు.

“ఎవరైతే మనకేం? కాయిన్ మార్కెట్లోకి రాగానే అమ్మేసుకుంటాం.”

“ఎప్పుడొస్తుంది? ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు. డబ్బు వెనక్కిమ్మంటే వాళ్ళ వాట్సాప్ గ్రూపులోంచి గెంటేస్తున్నారు.”

“నీకెవరు చెప్పారివన్నీ?”

“ఎవరో ఒకరు చెప్పార్లెండి. ముందు అన్నం తినండి.”

అన్నమా! అక్కడ చివరి నిమిషం నడుస్తుంటే! అతను విసురుగా లేచాడు. ఆమె గోడ దాకా వెనక్కి జరిగింది. అతను బతిమాలాడు. కసిరాడు. చివరికి అనకూడని మాట అనేశాడు.

“నేను బాగుపడటం నీకిష్టం లేదు. అంతే!”

ఆమె కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. ఫోన్ మాత్రం వదల్లేదు.

గడియారం సున్నా అయింది.

మెకానిక్ కుర్చీలో కూలబడ్డాడు. చేతికందినది నోటికందకుండా పోయిందని కుమిలిపోతూ మరోసారి తెర వైపు చూశాడు. చూస్తుండగానే గడియారం మళ్ళీ ఇరవైనాలుగు గంటలు చూపించి మొదలైంది. ధర పైసా పెరగలేదు. కింద ఎర్రక్షరాల్లో ‘మీ కోసం చివరి అవకాశం’ అని మెరుస్తోంది.

విషయం బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక ఒళ్ళు జలదరించింది. తర్వాత నవ్వొచ్చింది.

“ఓరి దొంగ వెధవల్లారా!” అని గట్టిగా ఊపిరి పీల్చుకుని వెళ్ళి భార్య చెయ్యి పట్టుకున్నాడు. “నోటికొచ్చినట్టు వాగాను, మనసులో పెట్టుకోకు. నువ్వు అడ్డుపడకపోతే కొంప మునిగేది. తక్కువైనదానికి గడువు అడుగుదాం. ఉన్నది ఈ సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చేద్దాం, పద.”

ఆమె కదల్లేదు. అతని ముఖంలోకి చూడలేక తల దించుకుంది.

“పోయిన వారం మీరు పనిలో ఉన్నప్పుడు కూడా అది ఇలాగే సున్నాకి వస్తుంటే, ఆపేవాళ్ళు పక్కన లేక, మనకున్నదంతా అందులో పోసేశానండీ.”